అయిదో రాయి

నా ముఖం చూసినవాళ్లకు మొదట కనపడేవి మచ్చలు. నా తొమ్మిదో ఏట అమ్మవారు పోసి, పోతూ పోతూ ముఖమంతా గుర్తులు పెట్టి పోయింది. పెళ్లిచూపుల్లో మా ఆయన ఓబలప్ప సిగ్గుతో తలెత్తలేదు కాబట్టి నాకు పెళ్లయింది. ఈ మాట నేను అందరి ముందూ అంటాను, ఆయన నవ్వి ఊరుకుంటాడు. మచ్చల సంగతి ముందే చెప్పడం ఎందుకంటే, తర్వాత అవి నాకు బాగా అక్కరకొచ్చాయి.

మాది గుట్టకిందపల్లి. కోలారు బంగారు గనుల్లో కూలీల ఇళ్ల లైన్లు ఎక్కడ అయిపోతాయో అక్కడి నుంచి మైలు దూరం. గనులు దొరల చేతిలోంచి సర్కారు చేతికి వచ్చి ఏడెనిమిదేళ్లయిన రోజుల మాట ఇది. మా ఊళ్లో అందరివీ రాగిచేలు, మల్బరీ తోటలు, పట్టుపురుగులు. నా చెల్లెల్ని మాత్రం గని మనిషికి ఇచ్చాం. పేరు చిన్నక్క, నాకు చెల్లెలు. మా అమ్మ పెట్టే పేర్లు అట్లాగే ఉంటాయి. దాని మొగుడు గోపాలప్ప భూమి లోపల సొరంగాలకు దుంగలు నిలబెట్టే పని చేసేవాడు. లైన్లలో వాళ్లది ఒకటే గది. అందులో ఏడుగురు మనుషులు. గోడ అవతల ఇంకో ఏడుగురు.

ఆ లైన్ల నడుమ ఒక అంటురోగాల షెడ్డు ఉండేది. అమ్మవారు పోసినవాళ్లను, వాంతిభేదులు పట్టుకున్నవాళ్లను అందులో పెట్టేవాళ్లు. దొరల కాలంలో దాన్ని దూరంగానే కట్టారు కానీ, లైన్లు పెరిగి పెరిగి దాన్ని చుట్టేశాయి. ఒక వేసవిలో పెద్దగాలికి పైరేకులు లేచిపోయాయి. మళ్లీ వేద్దామంటే లైన్లవాళ్లు అడ్డం తిరిగారు. ఈడ వద్దు, యాడైనా దూరంగా కట్టుకోండి అని అర్జీ పెట్టారు. సర్కారు ఆ దూరాన్ని వెతికి వెతికి మా ఊరి గోమాళం దగ్గర ఆగింది. గోమాళమంటే ఊరందరి ఆవులూ మేసే బీడు. దానికీ నా మల్బరీ తోటకూ మధ్య ఉన్నది ఒక్క కిత్తనార మొక్కల కంచె.

నాకు ఒళ్లు మండిపోయింది.

పట్టుపురుగులను సాకడమంటే ఏమిటో సాకినవాళ్లకే తెలుసు. పురుగులింట్లోకి పరాయి మనిషి రాకూడదు. ఇంటి మనిషైనా కాళ్లు కడుక్కుని, గడప ముందు చల్లిన సున్నం తొక్కి లోపలికి రావాలి. తాలింపు ఘాటు తగిలినా పురుగు మేత మానేస్తుంది. తట్టలో ఒక్క పురుగు పాలిపోయి కనిపిస్తే దాన్ని దూరంగా పూడ్చిపెట్టి, చేతులు కడుక్కున్నాకే ఇంకో తట్ట ముట్టాలి. నెల రోజులు ఇట్లా కంటికి రెప్పలా చూసుకుంటేనే ఆ పచ్చటి గూళ్లు చేతికొస్తాయి. అలాంటిది నా కంచె పక్కన ఫినాయిల్ కంపుతో రోగాల షెడ్డా? గూళ్లు కొనడానికి ముళబాగిలు నుంచి వచ్చేవాళ్లు ఆ మాట వింటే మా గడప తొక్కుతారా?

గనుల ఆరోగ్యశాఖలో ఇన్‌స్పెక్టరు నంజుండప్ప అని ఒకాయన సైకిలు మీద వచ్చి ఊరందరికీ నచ్చజెప్పబోయాడు. మనిషి మంచివాడే. మాటకు ముందు నవ్వేవాడు.

"సుమ్నే, ఊరికే భయపడొద్దండమ్మా. గాలి మీ ఊరివైపు కొట్టదు. అంతా చూసే పెట్టినాము."

"గాలికి మీరేమన్నా జీతమిస్తా ఉండారా నంజుండప్పా, మీరు చెప్పినవైపు కొట్టేదానికి?" అన్నాను.

ఆయన నవ్వాడు. నవ్వుతూనే మర్నాడు సర్వేవాళ్లను పంపాడు. వాళ్లు బీడులో నాలుగు మూలలా నాలుగు రాళ్లు పాతి సున్నం కొట్టారు. మా ఊరి పెద్ద ఆవులప్ప తాలూకా కచేరీకి మూడుసార్లు అర్జీ పట్టుకుపోయి, మూడుసార్లూ వక్కాకు నములుతూ తిరిగొచ్చాడు.

"రాసుకున్నారమ్మా" అన్నాడు.

"రాసుకుని?"

"రాసుకున్నారు. అంతే."

ఆ మర్నాడు పెరట్లో బట్టలు ఉతుకుతుంటే నా కన్ను నా చేతికిందున్న రాయి మీద పడింది. మా అత్త కాలం నుంచీ ఉన్న బట్టల రాయి అది. నల్లటి చప్పటి బండ, ఒక మూల విరిగింది, నడుమ ఉతికి ఉతికి నున్నగా గుంటపడింది. నిలబెడితే మనిషి నడుమెత్తు ఉంటుంది. సర్కారుకు ఊరి మాట పట్టదు సరే, అమ్మవారు మారమ్మను చూస్తే? మారమ్మ ఉన్నచోట గడ్డపార వేయడానికి ఏ కూలీ ఒప్పుకుంటాడు?

ఆరోజు మళ్లీ కొలతలకు వచ్చిన సర్వేవాళ్లు మధ్యాహ్నం సంగటి తిని ఊళ్లో చెట్టు నీడలో తుండు పరుచుకున్నారు. ఆ గంటలో ఓబలప్ప, ఆవులప్ప, నేను కలిసి ఆ రాయిని దొర్లించుకుంటూ కంచె దాటించి, నాలుగు సర్కారు రాళ్ల నడుమ నిలబెట్టాం. పసుపు పూసి, కుంకుమ పెట్టి, వేపమండలు చుట్టాను. ముందు ఒక ముంతలో అంబలి పెట్టాను. సర్వేవాళ్లు లేచి వచ్చేసరికి ఆవులప్ప చేతులు జోడించి పూనకం వచ్చినవాడిలా ఊగుతున్నాడు. ముసలాయన అంత బాగా ఊగుతాడని నాకు అప్పటిదాకా తెలియదు.

తప్పనిపించలేదా అంటే, అనిపించింది. కానీ నా పురుగులు అప్పుడు రెండో జ్వరంలో ఉన్నాయి. కుబుసం విడవడానికి పురుగు మేత మాని పడుకునే రోజులను మేము జ్వరమంటాం. అప్పుడు చీమ తుమ్మినా భయమే. నాకు తప్పొప్పులు చూసుకునే తీరిక లేదు.

సాయంత్రం నంజుండప్ప వచ్చాడు. సైకిలు దిగి, చెప్పులు విడిచి, రాయికి దండం పెట్టాడు. తర్వాత నావైపు తిరిగాడు.

"ఎప్పుడు వెలిసిందమ్మా?"

"మధ్యాన్నం."

"ఎన్ని గంటలకి?"

"అమ్మవారు గడియారం చూసుకోని వస్తాదా అప్పా?"

ఆయన ఈసారి నవ్వలేదు. తల గోక్కుని వెళ్లిపోయాడు. పని ఆగిపోయింది. ఊరంతా నన్ను మెచ్చుకుంది. నాకూ కాస్త తలకెక్కింది, ఎందుకు దాచాలి. మంగళవారం వచ్చేసరికి లైన్ల నుంచి ఆడవాళ్లు అంబలి ముంతలతో రావడం మొదలుపెట్టారు. మా అత్త బట్టలుతికిన రాయికి మొక్కడానికి మైలు దూరం నడిచి వస్తున్న జనాన్ని చూసి, పైట అడ్డం పెట్టుకుని నవ్వుకున్నాను.

ఆ నవ్వు పదిరోజులు నిలిచింది.

అప్పటికి పురుగులు నాలుగో జ్వరం దిగి, ఎంత ఆకు వేసినా చాలదన్నట్టు తింటున్నాయి. పొద్దున్నే మల్బరీ కోయడానికి పోతే రాయి దగ్గర ఎవరో కూర్చుని ఉన్నారు. మొక్కు చెల్లించుకోవడానికి వచ్చిన మనిషేమో అనుకుని ఆకు కోస్తూనే ఉన్నాను. ఆ మనిషి ఎంతకీ లేవలేదు. కంచె దగ్గరికి పోయి చూస్తే చిన్నక్క. ఒళ్లో తడిచీరలో చుట్టిన పిల్ల. చీర నిండా వేపాకు.

"అక్కా, గంగకు అమ్మ పోసింది" అంది.

గంగ దాని చిన్నకూతురు. ఏడేళ్లది. నా చేతిలో ఆకుబుట్ట అట్లాగే ఉండిపోయింది.

"ఎన్ని దినాలాయె?"

"నాలుగు. ఇన్‌స్పెక్టరు వచ్చినప్పుడు రాగుల గంప వెనక దాచినాను. రేకులు లేని షెడ్డుకి పంపేదెట్లక్కా? పంపితే అమ్మను ఇంట్లోంచి తరిమినట్ల కాదా? ఇంట్లోనే పెట్టుకుందామంటే పక్కింట్లో పసిబిడ్డ ఉండాది. మారమ్మ జాగాకి తీస్కపోతే అమ్మకి కోపం రాదని మా అత్త చెప్పింది. అందుకని వచ్చేసినాను."

చెప్పేయాలనుకున్నాను. ఇది మారమ్మ కాదే, మన బట్టల రాయే అని నోటిదాకా వచ్చింది. చెబితే ఏమవుతుంది? బిడ్డను ఎత్తుకుని మళ్లీ ఆ ఏడుగురున్న గదికి పోతుంది. చెప్పకపోతే, వాళ్లు ఇక్కడే ఉంటారు. వాళ్లను ముట్టుకుంటే నేను పురుగులింట్లో అడుగు పెట్టకూడదు. ఇరవై తట్టల పురుగులు, అయిదారు రోజుల్లో గూడు కట్టబోతున్నాయి. ఏడాదిలో మాకు వచ్చే మంచి పంట అదొక్కటే. నేను నిలబడి ఇదంతా లెక్కవేసుకున్నాను. ఆ నిలబడిన కాసేపటికి నాకిప్పటికీ సిగ్గే.

"పెద్దమ్మా, దప్పిక" అంది గంగ చీరలోంచి.

ఆకుబుట్ట అక్కడే పడేసి కంచె దాటాను.

ఎండ అప్పటికే చురుక్కుమంటోంది. బీడులో నీడ లేదు. కంచె ఇవతలి నుంచి ఓబలప్పను కేకేశాను.

"చంద్రికలు తీస్కరా! ఎనిమిది!"

చంద్రికంటే మనిషెత్తు వెదురు తడక. మీద వెదురు బద్దలు చుట్టలు చుట్టలుగా అల్లి ఉంటాయి. పండిన పురుగు వాటి సందుల్లో గూడు కట్టుకుంటుంది. అవి లేకపోతే పంటే లేదు.

"ఇంగ ఆరు దినాలకి పురుగు పండుతాది కదే!" అన్నాడు ఓబలప్ప.

"పండినప్పుడు చూసుకుందాం. బిడ్డ ఎండలో ఉండాది."

ఆయన ఎనిమిదీ మోసుకొచ్చి, కర్రలు పాతి, మూడు పక్కలా గోడల్లా నిలబెట్టి, పైన రెండు పరిచి వేపమండలు కప్పాడు. పని అయ్యాక నా ముఖం చూశాడు.

"ఇంగ పురుగులకి మేత?"

"నువ్వే వెయ్యాల. నేను పురుగులింట్లోకి రాను."

"నాకు చేతకాదే."

"నేర్చుకో. తడి ఆకు వెయ్యొద్దు. కాళ్లు కడుక్కో. బీడీ ముట్టిస్తే చంపుతాను."

అప్పటి నుంచి నేను కంచె ఇవతల, ఆయన అవతల. ఆకు ఎంత, ఎప్పుడు, తట్ట ఎప్పుడు మార్చాలి, అన్నీ కేకలే. ఊరంతా వినేది. మా సంసారంలో అంత మాట్లాడుకున్నది ఆ మూడు వారాల్లోనే.

తడికల లోపల నాకు తెలిసిన పద్ధతి ఒక్కటే. పురుగులింటి పద్ధతి. ముందు సున్నం గీత గీశాను. గీత దాటి ఎవరూ రాకూడదు. నీళ్లు తెచ్చేవాళ్లు కంచె మీద నుంచి నా కుండలో పోసి పోవాలి, కుండ ముట్టకూడదు. గంగ ముంత గంగకే. దాని ఒంటి మీది గుడ్డలు అక్కడే గుంటలో కాల్చాలి. బయటికి పోయి వచ్చేదేమున్నా చేతులు, కాళ్లు, మళ్లీ సున్నం. చిన్నక్కకు చిన్నప్పుడే టీకా వేశారు. నాకు మచ్చలున్నాయి, అమ్మవారు ఒకసారి చూసి పోయిన మనిషి దగ్గరికి మళ్లీ రాదు. ఊళ్లో అందరికంటే నేనే ధైర్యంగా ఆ బిడ్డను ఒళ్లో పెట్టుకోగలను. ఇరవై ఏళ్లుగా అద్దం చూసినప్పుడల్లా తిట్టుకున్న ముఖాన్ని ఆరోజు మొదటిసారి మెచ్చుకున్నాను.

మూడో రోజు నంజుండప్ప వచ్చాడు. గంగకు అమ్మ పోసిందని లైన్లలో విని వెతుక్కుంటూ వచ్చాడు.

"ఆగు!" అని అరిచాను. "కాళ్లు!"

ఆయన బిత్తరపోయి కాళ్లు కడుక్కుని, సున్నం తొక్కి, గీత దగ్గరే నిలబడ్డాడు. తడికలు చూశాడు, కుండ చూశాడు, గుంట చూశాడు.

"ఇదంతా మీకు ఎవరు నేర్పించినారమ్మా?"

"మా పురుగులు."

ఆయన అక్కడే గొంతుక్కూర్చున్నాడు.

"పదేండ్లుగా లైన్లలో నేను మొత్తుకుంటా ఉండేది ఇదే కదమ్మా" అన్నాడు. "బిడ్డను వేరే పెట్టండి, చేతులు కడగండి అంటే నన్ను కొట్టేదానికి వచ్చినారు. మీరు పురుగులకి చేస్తా ఉండారు."

"బిడ్డను యాడికీ తీస్కపోనియ్యను" అంది చిన్నక్క లోపలి నుంచి.

"ఎందుకమ్మా తీస్కపోయేది? ఈడ బాగుండాది."

ఆ సాయంత్రమే మంచం, మందులు, రెండు దుప్పట్లు పంపాడు. మర్నాడు తనే టీకాల పెట్టె పట్టుకొచ్చి రాయి ముందు కూర్చున్నాడు. మారమ్మ ఎదుట వేసే టీకాకు వద్దని ఎవరంటారు? ఆవులప్ప మొదట చొక్కా విప్పాడు. అంతకుముందు టీకా మనిషిని చూస్తే కొండెక్కిన ఊరు, ఆరోజు వరసలో నిలబడింది.

ఆ వారంలోనే లైన్ల నుంచి ఇంకా ఇద్దరిని తీసుకొచ్చారు, ఒక ముసలాయన, ఒక పడుచు. వద్దనాలంటే ఎవరూ అనలేకపోయారు. మారమ్మ దగ్గరికి వచ్చినవాళ్లను పొమ్మనే నోరు మా ఊరికి లేదు. ఆవులప్ప గీత అవతల నిలబడి నావైపు చూసి గడ్డం గోక్కున్నాడు.

"లక్ష్మీదేవమ్మా, ఆసుపత్రి రాకూడదని కదా రాయి పెడితిమి. ఆ రాయే ఆసుపత్రిని పిలుచుకొచ్చె."

"పెట్టమన్నది నేనే, ఊగింది మాత్రం మీరే" అన్నాను. ఇద్దరం నవ్వాం.

ఇంతలో పురుగులు పండాయి. ఓబలప్ప కంచె అవతల నుంచి దిగులుగా కేకేశాడు. చంద్రికలన్నీ నా దగ్గరే ఉన్నాయి, వాటిని ఇక పురుగులకు వాడటానికి లేదు. పండిన పురుగు ఒక్క పూట కూడా ఆగదు. పంట పోయిందనే అనుకున్నాను, అనుకుని గంగకు నీళ్లు తాగించాను. కాసేపటికి మా వీధి మునివెంకటమ్మ నెత్తిన చంద్రిక పెట్టుకుని మా ఇంట్లోకి పోవడం కనిపించింది. గట్టు తగాదా వచ్చి రెండేళ్లుగా మాకు మాటల్లేవు. ఆమె వెనక ఇంకొకరు, ఇంకొకరు. పదకొండు చంద్రికలు వచ్చాయి. మునివెంకటమ్మ పోతూ పోతూ కంచె దగ్గర ఆగింది.

"నీ మొగుడు తడి ఆకు వేసి రెండు తట్టలు చంపినాడు. కడమవన్నీ బాగుండాయి" అని చెప్పి పోయింది. తిట్టాలో ఏడవాలో తెలియక, ఆమెకు వినపడేట్టు ఓబలప్పనే తిట్టాను.

షెడ్డు అక్కడే కట్టడానికి ఊరు ఒప్పుకుంది. ఒప్పుకునే ముందు నంజుండప్పను గీత దగ్గర కూర్చోబెట్టి షరతులన్నీ నేనే చెప్పాను. వాకిలి లైన్లవైపు ఉండాలి. మురికినీళ్ల కాలువ మల్బరీ తోటకు దూరంగా, పడమటికి పోవాలి. బావి వేరే తవ్వించాలి. ఫినాయిల్ డబ్బాలు నా కంచె వైపు పెట్టకూడదు.

"ఇంకేమన్నా ఉండాదా అమ్మా?" అన్నాడు రాసుకుంటూ.

"మారమ్మను కదిలించకూడదు."

నోట్లోంచి మాట వచ్చేశాక నాకే ఆశ్చర్యమేసింది.

మూడు వారాలకు గంగ ఒంటి మీది పక్కులన్నీ రాలిపోయాయి. వేపాకు, పసుపు వేసి కాచిన నీళ్లు తలకు పోశాం. పిల్ల ఎండలో నిలబడి వణుకుతూ నవ్వింది. ముఖాన నాలుగు మచ్చలు, ముక్కు మీద ఒకటి. నాకంటే చాలా తక్కువే. దాని తల తుడుస్తూ రాయివైపు చూశాను. పసుపు కింద విరిగిన మూల కనిపిస్తోంది. ఇన్నాళ్లూ చెల్లెలి పక్కన పడుకుని, అది ఆ రాయికి మొక్కుతుంటే చూస్తూ, నోరు విప్పలేదు. ఆ పాపం నన్ను తినేస్తూ ఉండింది. ఇప్పుడైనా చెప్పేద్దామనుకున్నాను.

చిన్నక్క చెంబు బోర్లించి నావైపు తిరిగింది.

"ఇంగ నువ్వు బట్టలు యాడ ఉతుకుతావక్కా?"

నేను తువ్వాలు పక్కన పెట్టాను.

"నీకు తెలుసునా?"

"గంగ పుట్టినప్పుడు మూడు నెలలు నీ ఇంట్లోనే కదా ఉండాను. దీని గుడ్డలన్నీ ఆ రాయి మీదనే కదా ఉతికినాను. ఆ మూల నాకు తెలీదా?"

"మీ అత్త చెప్పిందని..."

"మా అత్త నిజంగానే చెప్పింది. ఆమెకి తెలీదు పాపం. లైన్లలో ఎవరికీ తెలీదు. నేను చెప్పలేదు."

"మరి తెలిసీ ఎందుకు తెచ్చినావే?"

చిన్నక్క గంగకు గౌను తొడుగుతూ, తల తిప్పకుండా చెప్పింది.

"నేరుగా ఇంటికి తెస్తే నీ పురుగులకి కష్టం. వద్దనలేవు, రమ్మనలేవు. రాయి దగ్గర కూచుంటే పొద్దున ఆకు కోసేదానికి వస్తావు, చూస్తావు. కంచె దాటేది, మానేది నీ ఇష్టం. నేను వచ్చింది రాయి కోసరం కాదక్కా."

నాకు ఏడుపు వచ్చింది. మూడు వారాల్లో అదే మొదటిసారి. ఆ పొద్దున ఆకుబుట్ట పట్టుకుని నేను నిలబడిపోయిన కాసేపూ అది నన్నే చూస్తూ ఉండిందన్నమాట. చూస్తూ, ఒక్క మాట అనకుండా కూర్చుంది. గంగ వచ్చి నా మెడ చుట్టూ చేతులేసింది.

షెడ్డు ఆ ఏడే లేచింది. పది మంచాలు, వాకిట్లో మారమ్మ. నన్ను అందులో ఆయాగా పెట్టుకున్నారు. పురుగులు సాకే నెలల్లో మాత్రం నేను ఆవైపు పోను. గోపాలప్ప గనుల దగ్గర నుంచి కొత్త బట్టల రాయి ఒకటి బండి మీద వేసుకొచ్చి మా పెరట్లో దించాడు. బాగానే ఉంది కానీ నా చేతికి ఇంకా అలవాటు కాలేదు. మంగళవారం మారమ్మకు నీళ్లు పోసి కడిగేటప్పుడు, నడుమ ఆ నున్నటి గుంట తగలగానే నా చేయి దానంతట అదే గుడ్డ రుద్దినట్టు రుద్దేస్తుంది. పక్కన చిన్నక్క ఉంటే నా మోచేతి మీద ఒక్కటి వేస్తుంది. అప్పుడు చేతులు కడుక్కుని, తల వంచి, మనసారా మొక్కుకుంటాను.